పాత ఫైలు కూడా అమానతే



ఏటా ఈ సంచికలో జమాఖర్చులు, స్కాలర్‌షిప్పులు అందుకున్న పిల్లల వివరాలు, వైద్య సహాయం లెక్కలు మీ ముందు పెడుతున్నాం. ఈసారి వాటితో పాటు ఇంకో లెక్క కూడా చెప్పాలి. వడమాలపేటలోని మా ఆఫీసు బీరువా అడుగు అరలో ఒక అట్టపెట్టె ఉంది. 1998 నుంచి 2009 వరకు సంఘం కంప్యూటరులో రాసుకున్నదంతా అందులోనే ఉంది. కర్జె హసనా రిజిస్టరు, చందాల రిజిస్టరు, పాత సంచికల తెలుగు పేజీలు, ఉర్దూ పేజీలు, కబరస్తాన్ కాగితాల స్కాన్లు. కొన్ని ఫ్లాపీల్లో ఉన్నాయి, కొన్ని సీడీల్లో.

చాలా ఏళ్లుగా ఆ పెట్టెను ఎవరూ ముట్టుకోలేదు. కిందటేడు ముట్టుకుంటే ఒక్కటీ సరిగ్గా తెరుచుకోలేదు. ఇప్పటి కంప్యూటరుకు ఫ్లాపీ పెట్టే చోటే లేదు. సీడీలోని ఫైలు మీద క్లిక్ చేస్తే దేనితో తెరవాలో తెలియదంటుంది. ఎలాగో తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపించాయి. "పాతవి కదా, పారేద్దాం" అన్నవాళ్లూ మాలో ఉన్నారు. పారేయలేదు, అల్హమ్దులిల్లాహ్. ఎందుకు పారేయకూడదో, వాటిని ఎలా తెరిచామో ఈ వ్యాసంలో చెబుతాం. మీ ఇళ్లలో, దుకాణాల్లో, మదరసాల్లో, మసీదు కమిటీల దగ్గర కూడా ఇలాంటి పెట్టెలు ఉండే ఉంటాయి కాబట్టి ఇది అందరికీ పనికొస్తుందని ఆశ.

రాసిపెట్టడం ధర్మం

ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు సూరా బఖరాలోని 282వది. అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు రాసుకోవాలని, రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులను పెట్టుకోవాలని అది చెబుతుంది. బాకీ చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాయడానికి బద్ధకించవద్దని కూడా అందులోనే ఉంది. మన పెద్దలు ఆ మాట పాటించారు. మొదట నోటు పుస్తకంలో రాశారు, తర్వాత కంప్యూటరులో రాశారు. రాసింది చదవలేకపోతే మాత్రం రాయనట్టే.

చట్టం మాట తీసుకున్నా అంతే. 2022లో వచ్చిన ఆదాయపు పన్ను 17ఎఎ నిబంధన ధార్మిక సంస్థలు లెక్కల పుస్తకాలను పదేళ్ల పాటు భద్రపరచాలని చెప్పింది. 2025 జూన్ 6న కేంద్ర ప్రభుత్వం ఉమీద్ పోర్టల్ ప్రారంభించి, వక్ఫ్ ఆస్తుల వివరాలు ఎక్కించడానికి ఆరు నెలల గడువు పెట్టినప్పుడు పాత కాగితాల విలువ ఏమిటో మనందరికీ తెలిసొచ్చింది. ఆ పన్ను నిబంధన అడిగింది పదేళ్లే. అమానత్‌కు అలాంటి గడువు లేదు. మీరు మా చేతిలో పెట్టిన రూపాయి ఎంత అమానతో, అది ఎవరికి చేరిందని చెప్పే రాత కూడా అంతే అమానత్.

మన పక్కనే తిరుమలలో తాళ్లపాక కవుల కీర్తనలు చెక్కిన రాగిరేకులు రెండు వేలకు పైగా బయటపడ్డాయి. ఎన్నో తరాలు మూసి ఉన్న అరలో ఉండిపోయినా, బయటికి తీశాక పండితులు వాటిని చదవగలిగారు. రాగి చెడలేదు, లిపి తెలిసినవాళ్లు ఉన్నారు. కంప్యూటరు ఫైలుకు ఇంత సులువు లేదు. దాని మీద నాలుగు తాళాలు ఉంటాయి. నాలుగూ తీస్తేనే లోపలి మాట మనకు అందుతుంది.

మొదటి తాళం: ఫ్లాపీ, సీడీ

ఫ్లాపీలో ఉండేది అయస్కాంత పూత పూసిన పల్చటి ప్లాస్టిక్ బిళ్ల. మూడున్నర అంగుళాల ఫ్లాపీలో 1.44 ఎంబీ మాత్రమే పడుతుంది. ఇప్పుడు ఫోనులో తీసే ఒక ఫోటో కూడా అందులో పట్టదు. కానీ ఒక సంఘం పదేళ్ల పేర్లూ లెక్కలూ అందులో హాయిగా సరిపోతాయి. ఈ ఫ్లాపీలను చదవడానికి యూఎస్‌బీ తీగతో తగిలించుకునే డ్రైవులు దొరుకుతాయి. అంతకన్నా పాతవైన ఐదుంపావు అంగుళాల ఫ్లాపీలు వీటిలో పట్టవు. వాటికి పాత డ్రైవు వెతకాల్సిందే.

ఇక్కడ మూడు జాగ్రత్తలు నేర్చుకున్నాం. ఫ్లాపీ వెనక మూలలో ఒక చిన్న జరిపే బిళ్ల ఉంటుంది. దాన్ని జరిపి రంధ్రం తెరిచి ఉంచితే కంప్యూటరు దాని మీద ఏమీ రాయలేదు. ఈ పని ముందు చేయాలి. రెండోది, బూజు పట్టిన ఫ్లాపీని డ్రైవులో పెట్టకూడదు. దాని బూజు డ్రైవుకు అంటుకుని తర్వాత పెట్టే ఫ్లాపీలను కూడా పాడు చేస్తుంది. మూడోది, ఫ్లాపీలోనే ఫైళ్లు తెరిచి చూస్తూ కూర్చోకూడదు. ముసలి ఫ్లాపీ ఎన్నిసార్లు తిరిగితే అంత అరుగుతుంది. ఒక్కసారి మొత్తం బిళ్లను ఉన్నది ఉన్నట్టు కాపీ చేసుకుని, ఆ తర్వాత పనంతా కాపీ మీదే చేయాలి. ఇలా తీసిన పూర్తి నకలును 'ఇమేజ్' అంటారు. సీడీకీ ఇదే పద్ధతి. ఇంట్లో రాసుకున్న సీడీలో సమాచారం రంగుపూత మీద ఉంటుంది. వెలుతురు, వేడి ఆ పూతను చెరుపుతాయి. మన ఎండల సంగతి చెప్పాలా!

మా పెట్టెలో మూడు ఫ్లాపీలు ఎంత ప్రయత్నించినా చదవలేకపోయాం. వాటినీ పారేయలేదు. విడిగా కవరులో పెట్టి పైన రాసిపెట్టాం.

రెండో తాళం: ఫైలు కట్టుబడి

పుత్తూరు కట్టు సంగతి మనకు తెలియనిది కాదు. ఎముక విరిగి వచ్చినవాణ్ని చూసి కట్టు వేసే పెద్దాయన ముందు లాగడు. తడిమి చూస్తాడు, ఎక్కడ విరిగిందో పట్టుకుంటాడు, ఆ తర్వాతే చెయ్యి వేస్తాడు. పాత ఫైలు దగ్గర కూడా మొదట తడిమి చూడటమే. దొరికిన ప్రోగ్రాముతో తెరిచి, అది అడిగిందని 'సేవ్' నొక్కితే ఉన్నది కూడా పోతుంది.

ఫైలు పేరు చివర ఉండే తోక అక్షరాలను నమ్మడానికి లేదు. ఎవరైనా పేరు మార్చి ఉండొచ్చు. నమ్మాల్సింది ఫైలులోని మొదటి కొన్ని బైట్లను. చాలా రకాల ఫైళ్లు తమ గుర్తును అక్కడే రాసుకుంటాయి. పీడీఎఫ్ ఫైలు మొదట్లో పీడీఎఫ్ అనే అక్షరాలే ఉంటాయి. జిప్ ఫైలు 'పీకే' అనే రెండక్షరాలతో మొదలవుతుంది. అవి దాన్ని తయారు చేసిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు. ఇప్పటి వర్డ్ ఫైలు కూడా నిజానికి జిప్ మూటే కాబట్టి దాని మొదట్లోనూ 'పీకే' కనిపిస్తుంది. ఈ గుర్తులన్నిటినీ బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్ వాళ్లు ప్రోనోమ్ అనే పట్టికలో చేర్చి పెట్టారు. ఆ పట్టికతో పోల్చి ఫైలు జాతి చెప్పే డ్రాయిడ్ అనే ప్రోగ్రామును ఉచితంగా ఇస్తున్నారు. మా పెట్టెలో ఏ ఫైలు ఏమిటో విడదీయడానికి అదే మొదటి సాయం.

కొన్ని ఫైళ్లు ఇప్పటికీ తెరుచుకుని, కొన్ని ఎందుకు తెరుచుకోవు? దీనికి మా పెట్టెలోనే మంచి ఉదాహరణ దొరికింది. మా కబరస్తాన్ కాగితాల స్కాన్లు టిఫ్ ఫైళ్లు. మా సంచికల పేజీలు పేజ్‌మేకర్ ఫైళ్లు. రెండింటినీ పుట్టించింది అమెరికాలోని ఆల్డస్ అనే ఒకే కంపెనీ. పేజ్‌మేకర్ 1985లో, టిఫ్ 1986లో వచ్చాయి. టిఫ్ లోపలి కట్టుబడిని కంపెనీ అందరికీ తెలిసేలా ప్రచురించింది. అందువల్ల ఎవరైనా దాన్ని చదివే ప్రోగ్రాము రాసుకోగలిగారు. మా టిఫ్ ఫైళ్లన్నీ ఏ ఇబ్బందీ లేకుండా తెరుచుకున్నాయి. పేజ్‌మేకర్ ఫైలును చదవడం పేజ్‌మేకర్‌కే వచ్చు. 1994లో ఆల్డస్‌ను అడోబీ కొనేసింది. 2001లో వచ్చిన 7.0 పేజ్‌మేకర్‌కు ఆఖరి కూర్పు. దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్ కొంతకాలం పాత ఫైళ్లను తెరిచింది. సీఎస్6 కూర్పు తర్వాత అదీ మానేసింది. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటే, వాళ్లు వెళ్లిపోయిన రోజున తలుపు మూసుకుపోతుంది.

అయినా దారి ఉంది. తాళంచెవి నమూనాను ఓపికగా తయారు చేసినవాళ్లు ఉన్నారు. లిబ్రేఆఫీస్ అనే ఉచిత ప్రోగ్రాము 4.4 కూర్పు నుంచి పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తోంది. పేజీ అమరిక కొంత చెదిరినా లోపలి రాత బయటికి వస్తుంది. ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి పేజ్‌మేకర్ ఇప్పటికీ వాడుతున్న డీటీపీ సెంటరుకు వెళ్లడం. మన తెలుగు అచ్చు రంగంలో అది ఇంకా పూర్తిగా పోలేదు. మేమూ ఫైళ్ల నకళ్లు తీసుకుని వెళ్లి, ఎదురుగా కూర్చుని, పేజీ పేజీ పీడీఎఫ్ చేయించుకున్నాం.

మూడో మార్గం కూడా ఉంది. పాత ప్రోగ్రామును ఇప్పటి కంప్యూటరులోనే, పాత కంప్యూటరు ఉన్నట్టు భ్రమ కల్పించి నడపడం. దీన్ని ఎమ్యులేషన్ అంటారు. బ్రిటన్‌లో 1086 నాటి భూముల సర్వే పుస్తకం డూమ్స్‌డే బుక్‌కు తొమ్మిది వందల ఏళ్లు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ వాళ్లు దేశం వివరాలన్నీ లేజరు డిస్కుల్లో ఎక్కించారు. పదిహేనేళ్లు గడిచేసరికి ఆ డిస్కులను చదివే యంత్రాలే అరుదైపోయాయి. చివరికి పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాము రాసి వాటిని చదవాల్సి వచ్చింది. తొమ్మిది వందల ఏళ్ల తోలు పుస్తకం మాత్రం ఇప్పటికీ నిక్షేపంగా చదవొచ్చు. డాస్ కాలం నాటి ప్రోగ్రాములకు డాస్‌బాక్స్ అనే ఉచిత ఎమ్యులేటరు ఉంది.

ఒక చుక్క గుర్తు నేర్పిన పాఠం

కర్జె హసనా రిజిస్టరు ఫాక్స్‌ప్రోలో రాసింది. దాని ఫైలు డీబీఎఫ్ రకం. 1980లలో డీబేస్‌తో వచ్చి, ఫాక్స్‌ప్రో కూడా అనుసరించిన ఈ కట్టుబడి చాలా సాదాది, అందరికీ తెలిసింది. మొదటి బైటు ఫైలు రకం చెబుతుంది. తర్వాతి మూడు బైట్లు చివరిసారి మార్చిన ఏడాది, నెల, రోజు. ఆ తర్వాత మొత్తం ఎన్ని వరసలో ఆ సంఖ్య. ఆపైన గడుల పేర్లు, ఒక్కో పేరుకు పది అక్షరాలే. అక్కడి నుంచి మనుషుల వివరాలు వరస వెంట వరస. సాధారణ స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాములు కూడా దీన్ని తెరుస్తాయి. అందుకే ఇది సులువుగా అయిపోతుందనుకున్నాం.

ఇంటర్నెట్టులో దొరికిన ఓ చిన్న వ్యూయరుతో మా కుర్రాడు ఫైలు తెరిచి, వరసలన్నీ తీసి, కట్టనివాళ్ల జాబితా తయారు చేశాడు. జాబితా పెద్దదే. అందులో 2003లో కుట్టుమిషను కొనుక్కోవడానికి అప్పు తీసుకున్న ఒక తల్లి పేరు ఉంది. ఆమె ఇప్పుడు లేరు. కొడుకు బాగా స్థిరపడ్డాడు, మన దాతల్లో ఒకడు. మృతుల బాకీ తీర్చడం వారసుల బాధ్యత కదా, గుర్తు చేస్తూ ఉత్తరం రాద్దామనుకున్నాం. ఉత్తరం పంపే ముందు జాబితాను మా పాత గుమాస్తాకు చూపించాం. మేమంతా చాచా అని పిలిచే ఆ పెద్దాయన ఇప్పుడు పుత్తూరులో కొడుకు దగ్గర ఉంటున్నారు.

"బేటా, ఈమె ఎప్పుడో కట్టేసింది. ఆఖరి కంతుకు రసీదు రాసింది నేనే" అన్నారు.

"ఫైల్లో పేరు అట్లనే ఉండాది కదా చాచా" అన్నాడు మావాడు.

"పేరు ఉంటుంది. నేను డిలీట్ కొట్టి ఉంటానే!"

అప్పుడు అసలు సంగతి బయటపడింది. డీబీఎఫ్‌లో ప్రతి వరసకూ ముందు ఒక బైటు ఉంటుంది. మామూలుగా అది ఖాళీ. డిలీట్ చేస్తే వరస చెరిగిపోదు, ఆ ఒక్క బైటులో చుక్క గుర్తు పడుతుంది, అంతే. 'ప్యాక్' అనే ఆజ్ఞ ఇచ్చినప్పుడే వరస నిజంగా పోతుంది. చాచా అప్పు తీరినవాళ్లను డిలీట్ కొట్టేవారు, ప్యాక్ మాత్రం ఎప్పుడూ చేయలేదు. ఫాక్స్‌ప్రోలో చుక్క ఉన్న వరసలు కనిపించకుండా పెట్టుకున్నారు. మేము వాడిన వ్యూయరు చుక్కను పట్టించుకోకుండా అన్ని వరసలనూ చూపింది. నిజాయితీగా బాకీ తీర్చి వెళ్లిపోయిన ఒక తల్లిని, ఆమె కొడుకు ముందు బాకీదారుగా నిలబెట్టబోయాం. అల్లాహ్ కాపాడాడు. చుక్క గుర్తులను లెక్కలోకి తీసుకుని మళ్లీ చేస్తే ఆ పెద్ద జాబితా గుప్పెడు పేర్లకు దిగింది.

ఇంకో చిన్న సంగతి. డీబీఎఫ్‌లో పొడవాటి వివరణలు ఉంటే అవి అదే పేరుతో వేరే ఫైలులో ఉంటాయి. డీబేస్‌లో దాని తోక డీబీటీ, ఫాక్స్‌ప్రోలో ఎఫ్‌పీటీ. డీబీఎఫ్ ఒక్కటే కాపీ చేసుకుని అదే మొత్తం అనుకుంటే ఆ వివరణలన్నీ వెనకే ఉండిపోతాయి. కాబట్టి ఫోల్డరును ఉన్నది ఉన్నట్టు మొత్తంగా తీసుకోవాలి.

మూడో తాళం: అక్షరం

ఫైలు తెరుచుకున్నా అక్షరం చదవలేని పరిస్థితి మన భాషలకు ఎక్కువ. కంప్యూటరుకు తెలిసింది సంఖ్యలే. ఏ సంఖ్య ఏ అక్షరమో ముందే ఒప్పందం ఉండాలి. ఇంగ్లీషు పెద్ద 'ఎ'కు 65 అని ఒప్పందం. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న యూనికోడ్‌లో మన 'క'కు 3093, ఉర్దూ అలిఫ్‌కు 1575. తెలుగుకు యూనికోడ్ మొదటి కూర్పులోనే, 1991లో, చోటు దొరికింది. అయితే మామూలు కంప్యూటర్లలో అది సరిగ్గా పనిచేయడానికి మరో పదేళ్లు పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది.

ఆలోగా అచ్చు పని ఆగదు కదా. అందుకని అను వంటి ఫాంట్లు తయారు చేసినవాళ్లు ఒక ఉపాయం చేశారు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండే స్థానాల్లో తెలుగు అక్షరాల ఆకారాలు పెట్టారు. తలకట్టు ఒక చోట, గుడి ఒక చోట, వత్తు ఒక చోట. కొన్ని అక్షరాలకు రెండు మూడు ముక్కలు కలపాలి. కంప్యూటరు మాత్రం అదంతా ఇంగ్లీషే అనుకుంటుంది. ఫాంటు ఉన్నంతసేపు కాగితం మీద అందమైన తెలుగు. ఫాంటు లేని యంత్రంలో అర్థం లేని గుర్తుల వరస. ఆ ఉపాయం లేకపోతే మన తెలుగు పుస్తకాలు, పత్రికలు, పెళ్లి కార్డులు అన్నేళ్లు అంత చక్కగా వచ్చేవి కావు కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం.

ఇలాంటి రాతను యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి. పద్మ అని ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు తగిలించుకునేది ఒకటి ఉండేది. తెలుగు పత్రికల వెబ్‌సైట్లు తలా ఒక ఫాంటు వాడిన రోజుల్లో ఎంతోమందికి అది సాయపడింది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ పాత రకం యాడ్-ఆన్‌లన్నిటినీ నిలిపివేసింది. పాతవాటిని తెరిచే పనిముట్టు కూడా పాతబడిపోతుందని దీనివల్ల తెలుస్తోంది. అను రాతను మార్చే కన్వర్టర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. అయితే కన్వర్టరు ఇచ్చినదాన్ని అలాగే నమ్మితే పొరపాటే. ముక్కలు కలిసే చోట ఒక వత్తు జారవచ్చు, ఒక దీర్ఘం పోవచ్చు. వాక్యంలో అయితే పాఠకుడు సర్దుకుంటాడు. దాతల పేర్ల జాబితాలో అలా కుదరదు. హుసేన్, హుస్సేన్ ఇద్దరు వేర్వేరు మనుషులు కావచ్చు. మేము ప్రతి పేరునూ పాత అచ్చు సంచికతో పోల్చి సరిచూశాం. కాగితం పుస్తకం ఉండబట్టే అది సాధ్యమైంది.

ఉర్దూ పేజీల సంగతి వేరు. నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు ఒకదాని మీదికి ఒకటి ఏటవాలుగా దిగుతాయి. దాన్ని టైపు అచ్చులో దించడం చాలా కాలం కుదరలేదు. చెన్నై ట్రిప్లికేన్‌లో 1927లో మొదలైన ది ముసల్మాన్ దినపత్రికను కాతిబులు చేత్తో రాసి అచ్చుకు ఇస్తూ వచ్చింది అందుకే. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ దాదాపు ఇరవై వేల అక్షర కూటములను మోనోటైప్ కంపెనీతో కలిసి కంప్యూటరుకు ఎక్కించి నూరీ నస్తాలీఖ్ తెచ్చారు. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ ఆ లిపిని మామూలు డీటీపీ బల్ల మీదికి తెచ్చింది. మా ఉర్దూ పేజీలన్నీ ఇన్‌పేజ్‌వే. పాత ఇన్‌పేజ్ ఫైలు యూనికోడ్ ఒప్పందాన్ని పాటించదు, దానికి సొంత సంఖ్యలు ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతున్నాయి. మార్చాక నోటో నస్తాలీఖ్ వంటి ఉచిత ఫాంటుతో చూసుకోవచ్చు. అంకెల వరసను మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు, అంకెలు ఎడమ నుంచి కుడికి నడుస్తాయి కాబట్టి మార్పిడిలో తేడా పడే చోటు అదే.

నాలుగో తాళం: అర్థం

చందాల రిజిస్టరు తెరుచుకుంది, అక్షరాలు చదవగలిగాం. అయినా ఒక గడి అర్థం కాలేదు. ప్రతి చందా పక్కన 1, 2, 3, 4లలో ఒక అంకె ఉంది. దాని అర్థం ఏ ఫైలులోనూ లేదు.

మళ్లీ చాచా దగ్గరికే వెళ్లాం. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఒకటి జకాత్, రెండు సదఖా, మూడు ఫిత్రా, నాలుగు లిల్లాహ్. విన్నాక మాకు ఒళ్లు జలదరించింది. జకాత్ సొమ్ము ఎవరికి చెందాలో సూరా తౌబా 60వ ఆయతు ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. దాన్ని మసీదు గోడకో ఆఫీసు అద్దెకో వాడే వీలు లేదు. 'ఇది నా జకాత్' అని చెప్పి దాత ఇచ్చిన మాట మా ఫైలులో ఒక్క అంకెగా మిగిలి ఉంది. ఆ అంకె అర్థం ఒకే ఒక పెద్దాయన జ్ఞాపకంలో ఉంది. ఆయన చెప్పింది మేము పాత రసీదు పుస్తకాల మొదళ్లతో పోల్చి చూసుకుని, కాగితం మీద రాసి, ఆయన చేత సంతకం పెట్టించి ఫైలుతో పాటు ఉంచాం.

మొదటి మూడు తాళాలకు దుకాణంలోనో, ఇంటర్నెట్టులోనో తాళంచెవి దొరుకుతుంది. నాలుగోది మనిషి దగ్గరే ఉంటుంది. అందుకే ఆలస్యం చేయకూడదు.

గోప్యత మరిచిపోకూడదు

ఇంటర్నెట్టులో 'ఫైలు ఇక్కడ పెట్టండి, మార్చి ఇస్తాం' అనే సైట్లు చాలా ఉన్నాయి. పాత సంచిక వ్యాసాలకు వాడితే నష్టం లేదు. జకాత్ అందుకున్నవాళ్ల పేర్లు, అప్పు తీసుకున్నవాళ్ల పేర్లు, ఆడపిల్లల పెళ్లి సహాయం వివరాలు ఉన్న ఫైళ్లను మాత్రం అలాంటి చోట్ల పెట్టకూడదు. ఎవరి చేతికి వెళ్తాయో మనకు తెలియదు. ఇచ్చినవాడు చెప్పుకోకూడదు, పుచ్చుకున్నవాడు తల దించుకోకూడదు అనేది మన పద్ధతి. ఆ ఫైళ్ల పని అంతా మా ఆఫీసు కంప్యూటరులోనే, ఇంటర్నెట్టు తీసేసి చేశాం. ప్రభుత్వ, ధార్మిక కాగితాలు మార్చాల్సిన మసీదు కమిటీలకు కూడా ఇదే మా సలహా.

ఇక ముందు

ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే కమిటీ మమ్మల్ని తిట్టుకోకుండా ఉండాలని కొన్ని నియమాలు పెట్టుకున్నాం.

లెక్కలు ఏ ప్రోగ్రాములో రాసినా, ఏటా మార్చి 31 తర్వాత వాటిని సాదా సీఎస్‌వీ ఫైలుగా కూడా తీసి ఉంచుతాం. సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన మామూలు రాత. దాన్ని ఏ కంప్యూటరైనా చదువుతుంది. తెలుగు, ఉర్దూ రెండూ యూనికోడ్‌లోనే ఉంటాయి. సంచికను పీడీఎఫ్/ఎ రకంలో భద్రపరుస్తాం. దీర్ఘకాలం దాచుకోవడానికని 2005లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన ఈ రకంలో ఫాంట్లు ఫైలు లోపలే ఉంటాయి. ఉత్తరాలకు, పట్టికలకు ఓడీఎఫ్ వాడతాం. అది కూడా 2006 నుంచి అంతర్జాతీయ ప్రమాణమే, కట్టుబడి అందరికీ తెలిసిందే.

ప్రతి ఫోల్డరులో మొదట ఒక చిన్న రాత ఉంటుంది. ఇది ఏమిటి, ఎవరు రాశారు, ఏ ప్రోగ్రాము, గడుల్లోని గుర్తులకు అర్థం ఏమిటి అని. ఊరి పేర్లు కూడా రాస్తాం. 2022 ఏప్రిల్ 4కు ముందు కాగితాల్లో మన మండలం చిత్తూరు జిల్లాలో ఉంటుంది, తర్వాత తిరుపతి జిల్లాలో. తెలియనివాళ్లు రెండు ఊళ్లనుకునే ప్రమాదం ఉంది.

నకళ్లు మూడు ఉంటాయి. ఒకటి ఆఫీసులో, ఒకటి సభ్యుల్లో ఒకరి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో. ఏటా ఒకసారి రంజాన్‌కు ముందు మూడింటినీ తెరిచి చూస్తాం. పాస్‌వర్డ్ ఒక్కరి తలలో ఉండకుండా, సీలు వేసిన కవరులో అధ్యక్షుని దగ్గర, కోశాధికారి దగ్గర ఉంటుంది. దాతల జాబితా, అప్పుల జాబితా ఏటా కాగితం మీద అచ్చు తీసి బైండు చేయిస్తాం. పెట్టెలోని పేర్లను సరిచూసుకోవడానికి చివరికి మాకు అక్కరకొచ్చింది కాగితమే.

మీతో ఒక మనవి

ఈ పనికి పెద్దగా డబ్బు ఖర్చు కాలేదు. ఖర్చయింది కుర్రవాళ్ల ఆదివారాలు, చాచా ఓపిక. కాబట్టి ఈసారి చందాతో పాటు ఇంకొన్ని అడుగుతున్నాం. మీ దగ్గర మా పాత రసీదులు ఉంటే ఒకసారి చూపించండి, ఫోటో తీసుకుని తిరిగి ఇచ్చేస్తాం. చదవలేకపోయిన మూడు ఫ్లాపీల్లో ఏముందో వాటితో కొంతైనా తెలియవచ్చు. అటక మీద పాత కంప్యూటరు, ఫ్లాపీ డ్రైవు ఉంటే పాత సామాన్లవాడికి వేసే ముందు మాకు కబురు చేయండి. మసీదు కమిటీలోనో, మదరసాలోనో లెక్కలు రాసిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే, వాళ్ల పక్కన ఒక సాయంత్రం కూర్చుని అడగండి. ఏ గుర్తుకు ఏమిటి అర్థం, ఏ పుస్తకం ఎక్కడ ఉంది, ఎవరి బాకీ తీరింది. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.

కుట్టుమిషను తల్లి కొడుకును కలిసి జరిగినదంతా చెప్పాం. క్షమించమని అడిగాం. ఆయన వాళ్లమ్మ పేరు ఉన్న ఆ వరసను, పక్కన ఉన్న చుక్కను చాలాసేపు చూశాడు. "దీని నకలు ఒకటి ఇవ్వండి, ఇంట్లో పెట్టుకుంటా" అన్నాడు. ఇచ్చాం.

మీరు ఇచ్చిన ప్రతి రూపాయినీ అల్లాహ్ స్వీకరించాలని, దాని లెక్కను చివరి వరకు న్యాయంగా నిలుపుకునే శక్తి మాకు ఇవ్వాలని దుఆ చేస్తున్నాం. ఆమీన్.